ఆ అమ్మాయికి జీతం ఇచ్చేవారా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. వచ్చే నెల మా సంఘంలో స్త్రీల ఆదివారం. ఆ రోజు "యజమానురాలికి విధేయురాలైన దాసి బ్లాందీనా" అనే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమని స్త్రీల సమాజం పెద్దలు నాకు అప్పగించారు. అంశం వాళ్లే రాసి ఇచ్చారు. నేను బడిలో టీచరును. మా అమ్మ ముప్పై ఏళ్లు నాలుగైదు ఇళ్లలో అంట్లు తోమి, బట్టలు ఉతికి నన్ను చదివించింది. ఆ ఇళ్ల అమ్మగార్లలో ఇద్దరు మా సంఘంలోనే ముందు వరుసలో కూర్చుంటారు. అమ్మ ఇప్పటికీ వెనక గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. వాళ్లందరి ముందు నిలబడి నేను విధేయత గురించి ఎలా చెప్పను? అసలు బ్లాందీనా నిజంగా ఉందా, భక్తి కోసం అల్లిన కథా? ఆమె పడిన బాధలు పిల్లల ముందు చెప్పవచ్చా? అమ్మ గురించి కూడా ఒక మాట చెప్పాలని ఉంది, చెప్పవచ్చా? దొరికినంత చదివి అమ్మకు వినిపించాను. అంతా విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఆ అమ్మాయికి జీతం ఇచ్చేవారా?" నాకు జవాబు తెలియలేదు. (ఒక సోదరి)

జవాబు: మీరు అడిగినవాటన్నిటికన్నా మీ అమ్మగారు అడిగినదే పదునైన ప్రశ్న. ముందు దానికే జవాబు చెబుతాను. లేదు, జీతం ఇచ్చేవారు కాదు. రెండో శతాబ్దంలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన బ్లాందీనా నెల జీతానికి కుదిరిన పనిమనిషి కాదు, బానిస. ఆమెను సంతలో కొన్నారో, ఆ ఇంటి బానిసకే పుట్టిందో, వారసత్వంగా వచ్చిందో ఎక్కడా రాసి లేదు. ఎలా వచ్చినా రోమా చట్టం లెక్కలో ఆమె ఇంటి సామానుతో పాటు పద్దు రాసుకునే ఆస్తి. కొందరు యజమానులు బానిసల దగ్గర నాలుగు డబ్బులు ఉండనిచ్చేవారు. ఏళ్ల తరబడి అవే కూడబెట్టుకుని తమను తామే విడిపించుకున్న బానిసలూ ఉన్నారు. కానీ చట్టం దృష్టిలో ఆ డబ్బు కూడా యజమానిదే. నెల తిరగగానే కొంగున ముడివేసుకుని ఇంటికి తెచ్చుకునే జీతం, కుదరకపోతే రేపటి నుంచి రానని చెప్పే నోరు, చీకటి పడ్డాక వెళ్లి తలుపు వేసుకునే సొంత గూడు, ఈ మూడూ మీ అమ్మగారికి ఎంతో కొంత ఉన్నాయి. బ్లాందీనాకు ఒక్కటీ లేదు. అమ్మగారు అది పసిగట్టే అడిగి ఉంటారని నా అనుమానం.

మన తెలుగు బైబిలు చదివితే ఈ తేడా వెంటనే తట్టదు. గ్రీకులో బానిస పిల్లకు వాడే ఒకే మాట మనకు మూడు రకాలుగా వచ్చింది. గలతీయులకు రాసిన పత్రికలో హాగరు దగ్గర "దాసి" అయింది. మార్కు సువార్తలో ప్రధానయాజకుని ఇంటి ముంగిట పేతురును గుర్తుపట్టినామె దగ్గర "పనికత్తె" అయింది. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో రొదే దగ్గరకు వచ్చేసరికి "చిన్నది" అయింది. అనువాదకులను తప్పు పట్టను, సందర్భాన్ని బట్టి మాట మారుతుంది. కానీ "చిన్నది" అనగానే మనకు ఆ ఇంటి ఆడపిల్లే కళ్ల ముందు మెదులుతుంది, తలుపు తీయడానికి పెట్టిన మనిషి మెదలదు.

రొదే కథ మీకు తెలిసిందే అయినా ఒకసారి మళ్లీ చూడండి, ముందుముందు అవసరం పడుతుంది. మార్కు తల్లి మరియ ఇంట్లో పేతురు కోసం రాత్రిపూట ప్రార్థన జరుగుతోంది. చెరసాల నుంచి బయటపడిన పేతురు వచ్చి ఆ ఇంటి తలుపే తట్టాడు. రొదే గొంతు గుర్తుపట్టింది, సంతోషంలో గడియ తీయడం మరిచి లోపలికి పరుగెత్తింది. లోపలివాళ్లు ఏమన్నారు? "నీవు పిచ్చిదానవు" అన్నారు. ఆమె కాదని గట్టిగా చెబితే, అయితే అది అతని దూత అయి ఉంటుందన్నారు. తమ ప్రార్థన ఫలించిందని చెప్పడానికి వచ్చిన పనిపిల్ల మాట నమ్మడం కన్నా దేవదూత వచ్చాడని నమ్మడమే వాళ్లకు తేలికయింది! ఈలోగా పాపం పేతురు బయట తలుపు తడుతూనే ఉన్నాడు.

ఇక బ్లాందీనా ఉందా లేదా అన్నది. ఉంది. ఈ విషయంలో మీరు తడబడనక్కరలేదు. ఇప్పటి ఫ్రాన్సులో లియోన్ అనే నగరం ఉంది. రోమన్ల కాలంలో దాని పేరు లుగ్దూనుం, గాల్ దేశానికి ముఖ్య పట్టణం. క్రీ.శ. 177లో, మార్కస్ ఆరీలియస్ చక్రవర్తిగా ఉన్న రోజుల్లో, అక్కడి క్రైస్తవుల మీద విరుచుకుపడ్డారు. చావు తప్పించుకున్నవారు ఇప్పటి టర్కీలో ఉన్న ఆసియ, ఫ్రుగియ ప్రాంతాల సంఘాలకు గ్రీకులో ఒక పొడవాటి ఉత్తరం రాశారు. రాసింది లియోన్, దాని పొరుగునున్న వియెన్ సంఘాలవాళ్లు. (వియెన్ అంటే ఆస్ట్రియా రాజధాని వియన్నా కాదు. ఈ పొరపాటు వేదికల మీద నేనే రెండుసార్లు విన్నాను.) నాలుగో శతాబ్దం మొదట్లో కైసరయ బిషప్పు యూసేబియస్ తన సంఘ చరిత్ర ఐదో భాగం ఆరంభంలో ఆ ఉత్తరంలో చాలా మేరకు ఎత్తి రాశాడు. మూల ప్రతి విడిగా మిగలలేదు కానీ ఆయన పుణ్యమా అని విషయం మిగిలింది. బ్లాందీనా గురించి మనకు తెలిసిందంతా అందులోంచే. అంటే జరిగిన కొద్దికాలానికే, ఆమెను ఎరిగినవారు రాసిన మాటలు.

ఆ ఉత్తరంలో లేనివేమిటో కూడా తెలుసుకోవాలి. ఆమె వయసు లేదు, ఊరు లేదు. అందగత్తె అని లేదు, సరిగదా చిన్నగా, బలహీనంగా, లోకం చిన్నచూపు చూసే మనిషిగా ఉండేదని ఉంది. ఇంట్లో ఏ పని చేసేదో ఒక్క ముక్క లేదు. వంట చేసిందో, నీళ్లు మోసిందో, యజమానురాలికి జడ వేసిందో తెలియదు. ఎంత నమ్మకంగా పని చేసిందో, ఎంత అణకువగా ఉండేదో అసలే లేదు. కాబట్టి మీకు ఇచ్చిన అంశంలోని "యజమానురాలికి విధేయురాలు" అన్న మాటకు ఆధారం లేదు. ఎవరో ఎప్పుడో తగిలించిన తోక అది.

మరి ఉన్నది ఏమిటంటే, నాకు తెలిసినంతలో ఆ కాలపు రాతల్లో అరుదుగా కనిపించే సంగతి. వరుసగా చెబుతాను.

మొదట క్రైస్తవులను స్నానశాలలకు, సంత వీధులకు రానివ్వలేదు. తర్వాత గుంపులు మీదపడి కొట్టాయి, ఇళ్లు దోచాయి. అధికారులు అందరి ముందు విచారించి, గవర్నరు వచ్చేదాకా జైలులో పెట్టారు. గవర్నరు వచ్చాక వేట పెద్దదైంది. క్రైస్తవుల ఇళ్లలో క్రైస్తవులు కాని బానిసలూ ఉండేవారు. వాళ్లనూ పట్టుకొచ్చారు. ఇక్కడ రోమా చట్టం సంగతి ఒకటి తెలియాలి. బానిస సాక్ష్యం కోర్టులో చెల్లాలంటే మామూలుగా చిత్రహింస పెట్టి రాబట్టి ఉండాలి. బానిస నోట నిజం తనంతట రాదని ఆ చట్టం నమ్మకం. తోటివాళ్లు పడుతున్న హింస కళ్లారా చూసిన ఆ బానిసలు హడలిపోయారు. సైనికులు ఏం చెప్పమంటే అది చెప్పారు. మా యజమానులు పసిపిల్లలను తింటారు, వావివరసలు లేవు, మేం నోటితో చెప్పలేని పనులు చేస్తారు అన్నారు. అంతవరకు పరిచయం వల్లనో, బంధుత్వం వల్లనో కొంత మెత్తగా ఉన్న ఊరివాళ్లు కూడా ఆ మాటతో మండిపడ్డారు. ఎందుకు మండిపడరు? ఇంటి గుట్టు ఇంట్లో పనిచేసేవారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

సరిగ్గా ఈ ఘట్టంలో బ్లాందీనా పేరు మొదటిసారి వస్తుంది. ఆమె కూడా బానిసే. ఆమె కూడా ఆ ఇంటి గుట్టు తెలిసిన మనిషే. మిగతా బానిసలు చెప్పిన మాటే తానూ ఒక్కసారి అంటే, ఆ ఒక్క వాక్యంతో హింస ఆగుతుంది. పైగా తనను ఆస్తిగా ఉంచుకున్న యజమానురాలి మీద పగ తీర్చుకోవాలనుకుంటే అంతకన్నా మంచి అవకాశం రాదు. ఆ యజమానురాలు కూడా క్రైస్తవురాలే, ఆమె కూడా పట్టుబడింది. తన దాసి ఒంటి తీరు చూసి ఆమె వణికిపోయిందని ఉత్తరంలో ఉంది. ఇంత బలహీనమైన పిల్ల ధైర్యంగా ఒప్పుకోలు చేయలేదేమో అని ఆమె వేదన. ఆమె ఒక్కతే కాదు, "మేమందరం" భయపడ్డామని రాసినవారు దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు నాకు భలే నచ్చుతుంది. గొప్పవాళ్లను గురించి రాసేటప్పుడు వాళ్లను ముందే గుర్తించామని రాసుకోవడం లోకం తీరు. వీళ్లు, మాకు అంచనా తప్పింది అని రాసుకున్నారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా హింసించారు. ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకున్నారు. చివరికి ఇక చేయడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు, ఓడిపోయాం అని వాళ్లే చేతులెత్తేశారు. ఆ పొద్దంతా ఆమె అన్నది రెండే ముక్కలు. "నేను క్రైస్తవురాలిని. మా దగ్గర చెడ్డపని ఏదీ జరగదు."

ప్రసంగాలలో మొదటి ముక్కే వినిపిస్తుంది. మీరు రెండో ముక్క మీద ఆగండి. మొదటిది విశ్వాసపు ఒప్పుకోలు, అది అక్కడ గట్టిగా నిలబడినవారంతా చేశారు. రెండోది సాక్ష్యం. కేసు మొత్తం దాని మీదే నడుస్తోంది. ఆ ఇళ్ల లోపల ఏం జరుగుతుందన్నదే అక్కడి ప్రశ్న. దానికి జవాబు చెప్పగల అర్హత గవర్నరుకు లేదు, గుంపుకు లేదు, ముద్దాయిలైన యజమానులు చెబితే ఎవరూ నమ్మరు. పొయ్యి దగ్గర, గుమ్మం దగ్గర, పడకగది బయట నిలబడే బానిస చెప్పాలి. ఆమె చెప్పింది. అంతకుముందే వేరే బానిసలు భయపడి చెప్పిన అబద్ధాన్ని, అదే హోదాలో ఉన్న మనిషి అదే హింస కింద తుడిచిపెట్టింది.

మనవాళ్లు ఇలాంటివారిని హతసాక్షి అంటారు కదా. ఎంత మంచి మాట! అయితే చెప్పేటప్పుడు మన నోరు "హత" దగ్గరే ఆగిపోతుంది. రంపాలు, మంటలు, సింహాలు. "సాక్షి" సంగతి ఎవరికీ పట్టదు. గ్రీకులో అసలు మాటకు సాక్షి అనే అర్థం, చావు తర్వాత వచ్చి చేరింది. మీ పది నిమిషాల్లో బ్లాందీనాను సాక్షిగా నిలబెట్టగలిగితే చాలు. రొదే మాటను ప్రార్థన చేస్తున్నవాళ్లే నమ్మలేదు. బ్లాందీనా మాటను ఆమె సంఘం రాసిపెట్టి దేశాలు దాటించింది.

అంతకు రెండు తరాల ముందు, 112 ప్రాంతంలో, ఇంకో ఇద్దరు బానిస స్త్రీల విషయం ఉంది. నల్లసముద్రం ఒడ్డున బితూనియకు గవర్నరుగా ఉన్న ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో వస్తుంది. క్రైస్తవం వదిలేసినవాళ్లు ఆయనకు కొంత చెప్పారు: తెల్లవారకముందే కూడుకుంటాం, క్రీస్తును దేవుడిగా పాడుకుంటాం, దొంగతనం చేయం, వ్యభిచరించం, మాట తప్పం అంటూ ఒట్టు పెట్టుకుంటాం అని. ప్లినీకి నమ్మకం కుదరలేదు. అసలు నిజం రాబట్టడానికి ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టించాడు. వాళ్లు సంఘంలో పరిచారకులనే పేరుతో ఉన్నారని ఆయనే రాశాడు. మన బైబిల్లో ఫీబేను "సంఘ పరిచారకురాలు" అన్నారు చూడండి, దాదాపు ఆ బాధ్యతే. ఇంత చేసినా, మితిమీరిన మూఢనమ్మకం తప్ప మరేమీ దొరకలేదని ఆయన విసుక్కున్నాడు. ఆ ఇద్దరి పేర్లు రాయాలని ఆయనకు తోచలేదు. బయట దాసీలు, ప్రార్థన కూటంలో పరిచారకులు. మీ సంఘంలో ముందు వరుస, వెనక వరుస గురించి మీరు రాసింది చదివినప్పుడు నాకు వీళ్లిద్దరే గుర్తొచ్చారు.

ఇక్కడ మీకు ఒక హెచ్చరిక. మీ ఉత్తరంలో కోపం ఉంది, దానికి కారణమూ ఉంది. ఆ కోపంతో బ్లాందీనా యజమానురాలిని దుర్మార్గురాలిని చేసేయకండి. ఆమె భయపడింది దాసి తనను ఇరికిస్తుందని కాదు, దాసి తట్టుకోలేదని. ఆమె కూడా అదే పోరాటంలో నిలబడినవారిలో ఒకరని ఉత్తరమే చెబుతోంది. అయితే ఆమె తన తోటి విశ్వాసిని బానిసగానే ఉంచుకుంది, ఆ సంగతీ దాచకండి. ఆనాటి సంఘాలు బానిసత్వాన్ని రద్దు చేయమని పిలుపునివ్వలేదు. దాసుడని స్వతంత్రుడని లేదన్న పౌలు మాట వాళ్లకు తెలుసు. దాసులారా, విధేయులై ఉండండి అన్న మాట కూడా అవే పత్రికల్లో ఉంది. ఈ రెండింటి మధ్య ఇరుక్కుని వాళ్లు బతికారు. లియోన్ ఉత్తరం రాసినవారు ఆమెను వట్టి "యజమానురాలు" అనకుండా "శరీర విషయమై యజమానురాలు" అన్న అర్థంలో రాశారు. ఆ చిన్న మెలికలోనే వాళ్ల ఇబ్బంది అంతా కనిపిస్తుంది. వియెన్ సంఘంలో సాంక్టస్ అనే పరిచారకుడు ఉండేవాడు. విచారణలో పేరేమిటి, ఊరేమిటి, బానిసవా స్వతంత్రుడివా అని ఎన్ని అడిగినా లాటినులో ఒకటే జవాబు చెప్పాడు, "నేను క్రైస్తవుణ్ణి" అని. ఆయన బానిసో కాదో ఈనాటికీ మనకు తెలియదు. ఇది ఒక వాక్యంలో చెప్పండి. వివరించవద్దు. ముందు వరుసలో ఉన్నవారికి అర్థమవుతుంది.

అంశం మార్చమని అడగడం గురించి. వేదిక ఎక్కి మార్చకండి, అది పెద్దలను నలుగురిలో చిన్నబుచ్చినట్టవుతుంది. ఈ వారంలోనే వాళ్ల ఇంటికి వెళ్లి, "అమ్మగారూ, ఆ పాత ఉత్తరంలో విధేయత ప్రస్తావన లేదు, సాక్ష్యం ఉంది. అంశం 'సాక్షి బ్లాందీనా' అని పెట్టుకోనా?" అని అడగండి. నూటికి తొంభై మంది సరే అంటారు. అననివారుంటే వాళ్ల అంశమే చదివి, ఆ వెంటనే విధేయత ఎవరికి అని అడిగి మీ దారిన మీరు వెళ్లండి. ఆమె ఆ పొద్దంతా మాట విననిది గవర్నరుది.

ఇక పిల్లల సంగతి. నేను ఎనిమిదేళ్లప్పుడు ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు ఎర్రగా కాల్చిన ఇనుప కుర్చీ గురించి చేతులు ఊపుతూ అరగంట వర్ణించారు. ఆ తర్వాత వారం రోజులు నేను మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇనుప కుర్చీలో కూర్చోలేదు. అమ్మ ఎందుకని అడిగితే చెప్పడానికి సిగ్గేసింది. క్రీస్తు గురించి ఆ రాత్రి ఆయన ఏం చెప్పారో మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. ఆ కుర్చీ సంగతి లియోన్ ఉత్తరంలో నిజంగానే ఉంది, ఆయన కల్పించలేదు. కానీ నిజమైనదల్లా పిల్లల ముందు పరచాలని లేదు కదా. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాధపెట్టారు, బాధపెట్టేవాళ్లే అలసిపోయారు" అనండి. అంతే చాలు. గొంతు మార్చి కేకలు పెట్టకండి.

పిల్లలకు చెప్పదగ్గది పొంతికస్ కథ. సుమారు పదిహేనేళ్ల కుర్రవాడు. జనం చూస్తుండగా మనుషుల మీదికి మృగాలను వదిలే ఆటల చివరి రోజున బ్లాందీనాతో పాటు రంగస్థలంలోకి తెచ్చారు. అంతకుముందు రోజుల్లో మిగతావారి శిక్షలు చూడమని వాళ్లిద్దరినీ రోజూ తీసుకొచ్చి నిలబెట్టేవారు, భయపడి విగ్రహాల మీద ఒట్టు వేస్తారని. ఆమె ఆ కుర్రవాడికి ధైర్యం చెబుతూ ఉందని చూస్తున్న జనానికీ తెలుస్తూనే ఉంది. అతను ఆమెకన్నా ముందు ప్రాణం విడిచాడు. ఉత్తరం ఆమెను, పిల్లలందరినీ ముందు సాగనంపి తాను చివర బయలుదేరిన తల్లితో పోలుస్తుంది. ఆమెకు పిల్లలున్నారో లేదో తెలియదు. ఒక బానిసను "ఉత్తమురాలైన తల్లి" అని రాయడం ఆ కాలపు చెవులకు ఎంత కొత్తగా ఉండి ఉంటుందో!

పెద్దవాళ్ల కోసం ఒక దృశ్యం దాచుకోండి, నిదానంగా చెప్పండి. చివరి రోజుకు ముందే ఒకసారి ఆమెను రంగస్థలం మధ్యలో గుంజకు వేలాడదీసి మృగాలను వదిలారు. చేతులు చాచి కట్టడంతో సిలువ ఆకారం వచ్చింది. ఆమె పైకే ప్రార్థన చేస్తోంది. ఆ కిందే పోరాడుతున్న తోటివారు తలెత్తి చూశారు. తమ సోదరిలో, తమ కోసం సిలువ వేయబడినవాడు వాళ్ల కళ్లకు కనిపించాడని ఉత్తరం అంటుంది. ఆ రోజు ఏ మృగమూ ఆమెను ముట్టలేదు. దించి మళ్లీ జైలుకు తీసుకుపోయారు. ఇక్కడ నేను ఆగేది "సోదరి" అన్న మాట దగ్గర. మొదట యజమానురాలి దాసిగా కథలోకి వచ్చిన మనిషి, కొన్ని పుటలు తిరిగేసరికి అందరికీ సోదరి అయింది. ఎవరూ తీర్మానం చేయలేదు, విడుదల పత్రం రాయలేదు. రాసేవారి కలం దానంతట అదే మారిపోయింది.

ముగింపు క్లుప్తంగా: ఆమెను అందరికన్నా చివర వలలో చుట్టి ఎద్దు ముందు వేశారు. ఏ స్త్రీ ఇంత భరించగా మేం ఎన్నడూ చూడలేదని అన్యమతస్థులే అనుకున్నారు. శవాలను ఆరు రోజులు ఆరుబయట వదిలి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు, మళ్లీ లేస్తారన్న ఆశ కూడా మిగలకూడదని. కాబట్టి ఆమెకు సమాధి లేదు. ఆ రంగస్థలం మాత్రం లియోన్‌లో క్రువా రూస్ అనే కొండ వాలులో ఉంది. అక్కడ 1958లో బయటపడిన శాసనం వల్ల ఆ శిథిలాలు దానివేనని రుజువైంది. మధ్యలో హతసాక్షుల గుర్తుగా ఒక గుంజ పాతి ఉంచారు. శాసనంలో ఆ రంగస్థలాన్ని కట్టించిన ధనవంతుడి పేరు ఉంది, లాటిను చదవగలిగినవారు చదువుకుంటారు. బ్లాందీనా యజమానురాలి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆమె ఇప్పుడు బ్లాందీనా యజమానురాలిగానే మిగిలింది.

ఇంకో చిన్న జాగ్రత్త. చాలామంది బ్లాందీనాను, ఫెలిసిటీని కలిపేస్తారు. ఫెలిసిటీ కూడా బానిసే, కానీ ఆమెది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్, సంవత్సరం 203. గర్భిణిగా జైలుకు వెళ్లి, ఎనిమిదో నెలలో అక్కడే ఆడపిల్లను కన్నది. నొప్పులకు అరుస్తుంటే కాపలావాడు ఎగతాళి చేశాడు, ఇప్పుడే ఇలా ఏడిస్తే మృగాల ముందు ఏం చేస్తావని. ఇప్పుడు బాధపడుతున్నది నేను, అప్పుడు నాలో ఉండి నా కోసం బాధపడేవాడు వేరే ఉంటాడు అని ఆమె జవాబు. బిడ్డను ఒక సోదరి తీసుకుని తన కూతురిలా పెంచింది. ఇది ఇంకో స్త్రీల ఆదివారానికి దాచుకోండి. పది నిమిషాల్లో ఇద్దరిని ఇరికిస్తే ఇద్దరూ మిగలరు.

చివరికి అమ్మగారి గురించి. చెప్పవచ్చు, కానీ ముందు ఆమెను అడగండి. అడగకుండా వేదిక మీద ఆమె పేరెత్తితే, వందమంది ఒక్కసారిగా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తారు. ఆ చూపు ఎలా ఉంటుందో ముప్పై ఏళ్లు ఇళ్లలో పనిచేసిన మనిషికి మీకన్నా, నాకన్నా బాగా తెలుసు. ఆమె వద్దంటే వద్దు. అలగకండి, బతిమాలకండి. సరే అంటే, ఆమె పడిన కష్టం ఏకరువు పెట్టకండి, జాలి పుట్టించకండి. ఆమె అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టండి: "బ్లాందీనా గురించి చదివి వినిపిస్తే మా అమ్మ అడిగిన మొదటి మాట, ఆ అమ్మాయికి జీతం ఇచ్చేవారా అని." అక్కడ కాసేపు ఆగండి. హాలులో అందరూ వింటారు, ముందు వరుసవారు ఇంకాస్త ఎక్కువ వింటారు. తర్వాత జవాబు చెప్పి కథలోకి వెళ్లిపోండి.

అమ్మగారు వెనక గుమ్మం దగ్గర కూర్చునే సంగతి కూడా రాశారు కాబట్టి ఒక మాట. ఆ రోజు అమ్మగారిని చేయిపట్టి ముందుకు తెచ్చి కూర్చోబెట్టాలని మీకు అనిపిస్తుంది. తొందరపడకండి. గుమ్మం దగ్గర గాలి వస్తుందనో, ముందే లేచి వెళ్లవచ్చనో ఆమె అక్కడ కూర్చుంటూ ఉండవచ్చు. అదీ ఆమెనే అడగాలి. కావాలంటే ఆ రోజు మాట్లాడడం అయ్యాక మీరే వెళ్లి ఆమె పక్కన కూర్చోండి.

కూటం అయ్యాక అమ్మగారు రెండో ప్రశ్న అడగకుండా ఉండరు. అదేమిటో నాకు తప్పకుండా రాయండి.